గాజు తలుపుకు చెక్క పిడి

సందేహం: మాది వడ్రంగం పని. గాజు తలుపులకు టేకుతో హ్యాండిళ్ళు చేసి పెడుతుంటాం. దుకాణం బోర్డు మీద రాయించడానికి ఒకరు "గ్లాస్ డోర్లకు కస్టమ్ వుడెన్ హ్యాండిల్స్ ఫిట్ చేయబడును" అని, మరొకరు "కాచకవాటములకు దారుహస్తకములు అమర్చబడును" అని రాసి ఇచ్చారు. మొదటిది తెలుగనిపించలేదు, రెండోది మాకే అర్థం కాలేదు. హ్యాండిల్‌ను పిడి అనాలా, గొళ్ళెం అనాలా? గాజు తలుపు సరైనదా, అద్దం తలుపా? బిగించడమా, అమర్చడమా? దయచేసి వివరించండి.

సమాధానం: ముందుగా గొళ్ళెం సంగతి తేల్చుకుందాం. గొళ్ళెం తలుపును మూసి ఉంచడానికి, మీరు చేసేది తలుపును పట్టుకుని లాగడానికి. రెండూ వేరు వేరు పనులు. పాత ఇళ్ళలో తలుపుకు వేరే పిడి లేనప్పుడు గొళ్ళేన్నో, ఇత్తడి కడియాన్నో పట్టుకుని లాగేవారు కనుక ఒకదాని పేరు మరొకదానికి అంటుకుని ఉంటుంది. ఇప్పుడు రెండూ విడివిడిగా వస్తున్నాయి కాబట్టి ఆ పేర్లను కలపకపోవడమే మంచిది.

చేత్తో పట్టుకునే భాగానికి తెలుగులో ఒకే పేరు లేదు. ఏ పనిముట్టు, దాన్ని చెయ్యి ఎలా పట్టుకుంటుంది అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. కత్తికి ఉండేది పిడి, గొడ్డలికీ పారకూ ఉండేది కామ, గరిటెకు ఉండేది కాడ, నాగలికి ఉండేది మేడి, గంగాళానికి ఉండేవి చెవులు. వీటిలో గాజు తలుపుకు తగినది పిడి అని నిస్సంకోచంగా చెప్పగలను. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు అన్న మాటల్లో ఉన్నది ఈ పిడే. తమిళంలో 'పిడి' అంటే పట్టుకొను అనే క్రియ, కన్నడంలో పాలు 'హాలు' అయినట్టే ఇది 'హిడి' అయింది. వేళ్ళు చుట్టూ తిరిగి మూసుకునేలా ఉన్న నిలువు కడ్డీ లాంటి మీ టేకు ముక్కకు ఇంతకంటే సరిపోయే పేరు నాకు తోచదు. మీరు గుండ్రంగా, వేళ్ళ కొసలతో పట్టుకునేటట్టు తరిణె (కొయ్యను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి చేసినవి కూడా అమ్ముతుంటే మాత్రం వాటిని పిడులు అనకండి, గుబ్బలు అనండి. పావుకోళ్ళకు ఉండే గుబ్బను చూసినవారికి ఆ రూపం వెంటనే కళ్ళకు కడుతుంది. బహువచనం విషయంలో చిన్న మాట: గుడి గుళ్ళు, బడి బళ్ళు అయినంత మాత్రాన పిడిని 'పిళ్ళు' చేయనక్కరలేదు, పిడులు అంటే చాలు.

ఇక గాజు, అద్దం. గాజు అనేది సంస్కృత 'కాచ' శబ్దానికి తద్భవం, పదార్థం పేరు. అదే కాచం గాజుగా మారి తెలుగువారి నోట స్థిరపడి, ఆడవారి చేతి గాజుకు కూడా పేరైపోయిన తరువాత, మళ్ళీ వెనక్కు వెళ్ళి 'కాచకవాటం' అనడంలో అర్థం లేదు. అద్దం మొదట ముఖం చూసుకునే వస్తువు. ఆపైన కిటికీకి బిగించిన పలకను, కళ్ళజోడులోని బిళ్ళను కూడా అద్దమనే అంటున్నాం. అందువల్ల 'అద్దం తలుపు' వాడుకలో తప్పు కాదు గాని, బీరువాకు ఉండే నిలువుటద్దం తలుపు అని పొరబడే అవకాశం ఉంది. 'అద్దాల తలుపు' అంటే కొయ్య చట్రంలో చిన్న చిన్న పలకలు కూర్చినదని నాకు స్ఫురిస్తుంది. మీరు పనిచేసేది చట్రం లేని, 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒకే పలక మీద. దానికి 'గాజు తలుపు' అన్నది నిర్దుష్టమైన మాట. అద్దం అనే పదమే ఇష్టమైతే వ్యాకరణం ప్రకారం 'అద్దపు తలుపు' అని రాయాలి, ఎందుకంటే కర్మధారయ సమాసంలో మొదటి పదం చివరి 'ము' వర్ణకం 'పు'గా మారుతుంది. గాజుకు ఆ 'ము' లేదు కనుక మార్పూ లేదు.

చెక్క, కొయ్య, కర్ర అన్న మూడూ వాడుకలో ఉన్నవే. కొండపల్లివి కొయ్యబొమ్మలంటాం, కాని వాటిని పొణికి కర్రతో చేస్తారని చెబుతాం. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర వాడతారు. అంటే పదార్థంగా చెప్పేటప్పుడు కర్ర, చేసిన వస్తువుకు విశేషణంగా కొయ్య లేదా చెక్క వాడటం మన అలవాటు. కనుక చెక్క పిడి బాగుంటుంది. అన్నిటికంటే చెట్టు పేరే చెప్పి 'టేకు పిడి' అనడం ఇంకా బాగుంటుంది, కొనేవారు అడిగేదీ అదే.

మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ముఖ్యమనిపించింది క్రియ. గొళ్ళెం పెట్టడం, గడియ వేయడం అంటే తలుపు మూయడమని అర్థం వస్తుంది కనుక, కొత్తగా చేర్చే పనికి 'పెట్టు', 'వేయు' అన్నవి అన్నిచోట్లా పనికిరావు. 'గొళ్ళెం బిగించాడు' అన్నప్పుడే అది పనివాడి పని అని తెలుస్తుంది. అమర్చడం అంటే ఎక్కడ ఉండాలో అక్కడ కుదురుగా ఉంచడం. బిగించడం అంటే కదలకుండా చేయడం. గాజు తలుపు దగ్గర ఈ రెండూ వేరు వేరుగా, ఒకదాని తరువాత ఒకటిగా జరుగుతాయి. లోపలి పిడినీ బయటి పిడినీ ఎదురెదురుగా, ఒకే ఎత్తులో, బెజ్జాలకు సరిగ్గా ఎదురుగా నిలపడం అమర్చడం. ఇనుము గాజుకు తగలకుండా ప్లాస్టిక్ గొట్టమూ రబ్బరు వాషర్లూ ఉంచి, బెజ్జాల గుండా ఇటు నుంచి అటు వెళ్ళే బోల్టులతో రెండు పిడులనూ పట్టి ఉంచడం బిగించడం. రెండో పనితోనే పని పూర్తవుతుంది కనుక బోర్డు మీద 'బిగిస్తాం' అన్నదే రాయాలని నా అభిప్రాయం. పిడి అంటే ఒక్కటే అనుకునే కొనుగోలుదారులకు తెలిసేలా ధరల పట్టీలో 'పిడుల జత' అని రాయడం అవసరం.

అక్కడే మరో మాట అవసరమవుతుంది. కావాలని వేసేది బెజ్జం, తనంతట పడేది చిల్లు, దొంగ వేసేది కన్నం. టఫెన్డ్ గాజును వేడిచేసి గట్టిపరచిన తరువాత బరమా (డ్రిల్లు) పెడితే పలక మొత్తం ముక్కలైపోతుంది కాబట్టి బెజ్జాలు ముందే వేయించుకోవాలి. ఈ సంగతిని కొనేవారికి రాసి ఇచ్చే కాగితంలో 'చిల్లులు ఉండాలి' అని కాక 'బెజ్జాలు ముందే వేయించాలి' అని రాయండి. ఎప్పుడన్నది 'ముందే' చెబుతుంది, ఆ పని కొనేవారే చేయించుకోవాలన్నది 'వేయించాలి' అన్న ప్రేరణార్థక రూపం చెబుతుంది.

'చేయబడును', 'అమర్చబడును' అన్న కర్మణి రూపాలను వదిలేయండి. కనబడు, వినబడు వంటివి మన నోట సహజంగా వస్తాయి గాని, పనివాణ్ణి దాచిపెట్టే 'బిగించబడును' ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. మీరు చేసే పనిని మీరే చేస్తామని చెప్పడానికి సంకోచమెందుకు? 'కస్టమ్' అన్నదానికి ఒక్క పదం వెతకనక్కరలేదు. 'చెప్పి చేయించుకున్న మంచం' అని ఇళ్ళలో అంటూనే ఉన్నాం. అమ్మేవారి వైపు నుంచి అదే 'మీరు చెప్పిన కొలతకు చేసి' అవుతుంది. ఇవన్నీ కలిపితే మీ బోర్డుకు ఈ వాక్యం సరిపోతుంది: "గాజు తలుపులకు మీరు చెప్పిన కొలతకు, చెప్పిన తీరులో టేకు పిడులు చేసి బిగిస్తాం."

హ్యాండిల్ అన్న మాటకు అలవాటుపడిన కొనుగోలుదారుల కోసం దాన్ని కూడా ఉంచాలనుకుంటే అభ్యంతరం లేదు. అయితే సైకిలు సైకిళ్ళు అయినట్టే హ్యాండిలు హ్యాండిళ్ళు కావాలి, 'హ్యాండిల్స్‌లు' కారాదు. మీరు నాకు రాసిన ఉత్తరంలో హ్యాండిళ్ళు అనే రాశారు, అదే సరైన రూపం.