‘చదివింది ఏదీ వాడలేదు’ అనే అన్నయ్యను ఒక మాట అడగండి

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. చేరేముందు ఒక్క ప్రోగ్రాం కూడా రాయలేదు. క్లాసులో కొందరు స్కూల్లోనే యాప్‌లు చేసి వచ్చారు. మాకేమో డిస్క్రీట్ మ్యాథ్స్, ఆటోమేటా, ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతున్నారు. ఇదే చదివి ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య ‘అక్కడ నేర్చుకున్నది ఒక్కటీ వాడలేదు’ అంటాడు. బ్రాంచి మారిపోవాలా, లేక క్లాసులు పక్కనపెట్టి, యాప్‌లు త్వరగా కట్టడానికి వాడే ఏదైనా ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అన్నయ్య అన్న మాటే ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ అందరితో అన్నాను. నేను చదివిందీ కంప్యూటర్ సైన్సే. కొన్నేళ్లు ప్రోగ్రాములు రాశాకే ఈ సలహాల పనిలోకి వచ్చాను.

ముందు మీ టెన్షన్ సంగతి. మొదటి సెమిస్టర్‌లో ల్యాబ్ గంట సగం గడవకముందే పక్కవాళ్లు పని ముగించి లేచిపోయేవారు. నా తెరమీద మాత్రం, ప్రోగ్రాం తాకకూడని మెమరీని తాకి ఆగిపోయిందని చెప్పే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న ఒక్క ముక్కే కనిపించేది. లింక్డ్ లిస్ట్ అనే డేటా గొలుసులోంచి ఒక లింకు (నోడ్) తీసేయడం నాకు వారం రోజుల పని అయింది. చివరికి కాగితం మీద పెట్టెలు, బాణాలు గీసుకుంటే గానీ, మెమరీలో ఫలానా చోటును చూపే పాయింటర్ బుర్రకెక్కలేదు. అయితే రెండో ఏడాది చివరికి ఆ తేడా చాలావరకు పోయింది. వాళ్లు ముందే నేర్చుకొచ్చింది ఒక భాష. గ్రాఫులు, నిరూపణలు, ఆటోమేటా వాళ్లకూ కొత్తే. ‘ఇదంతా మాకు వచ్చు’ అని క్లాసులు మానేసిన ఇద్దరు ముగ్గురు మా తర్వాత పాసయ్యారు.

ఇక ‘వాడలేదు’ అన్న మాట. బైనరీ సెర్చ్ చూడండి. వరసలో ఉన్న 10 లక్షల పేర్లలో ఒకటి వెతకాలంటే, ఒక్కొక్కటీ చూస్తూ పోతే 10 లక్షల పోలికల దాకా పట్టొచ్చు. ప్రతిసారీ సగం వదిలేస్తూ పోతే 20 చాలు. ఉద్యోగంలో నేను దీన్ని ఒక్కసారి కూడా చేత్తో రాయలేదు, భాషతోపాటే వచ్చే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలోనే ఉంటుంది. కానీ ఒక రిపోర్టు గంటల తరబడి నడుస్తూ, కొత్త సర్వర్ కొందామని అందరూ అంటున్నప్పుడు, ఆ డేటా టేబుల్‌కు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వరసలో పెట్టిన జాబితా) లేదేమో చూడాలని నాకు తోచింది ఆ పాఠం వల్లే. నిజంగానే లేదు. పెట్టాక నిమిషాల్లో అయిపోయింది. దీన్ని ‘వాడటం’ అంటారని అప్పట్లో నాకు తట్టలేదు.

లైబ్రరీలో ఉన్నదంతా సరైనదే అనుకోకండి కూడా. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఒక బగ్ దాదాపు తొమ్మిదేళ్లు దాక్కుని ఉంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో ఆ సంగతి వివరించారు. మధ్య స్థానం కనుక్కోవడానికి రెండు సంఖ్యలు కూడి రెండుతో భాగించే చిన్న లైన్ అది. వెతికే జాబితా (అర్రే) మరీ పెద్దదైతే ఆ మొత్తం 32 బిట్లలో పట్టక రుణసంఖ్య అయిపోయేది. సంఖ్యలు బిట్లలో ఎలా ఉంటాయో చెప్పే ఆ బోరు పేపరు చదివినవాళ్లకు ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవద్దనను. కానీ మూడో ఏడాదిలో నేను పట్టుబట్టి నేర్చుకున్నది ఉద్యోగంలో చేరేసరికే పాతబడింది. డేటాబేస్ క్లాసులో కునికిపాట్లు పడుతూ విన్న, డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ను ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. అది ఇంకా నడుస్తూనే ఉంది.

అన్నయ్య మాటలో నిజం లేదా అంటే, ఉంది. యూనివర్సిటీలో మాకు చెప్పనివి చాలా ఉన్నాయి. మా గ్రూప్ ప్రాజెక్టులో నలుగురికి ఇద్దరమే పనిచేశాం. ఫైళ్ల పేర్లు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే అసలు ఫైనల్’. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ అప్పటికే ఉంది, ఒక్క లెక్చరర్ కూడా దాని పేరెత్తలేదు. కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులు రాయడం, ఇంకొకరి కోడ్ చదివి అర్థం చేసుకోవడం కూడా ఉద్యోగంలోనే తంటాలు పడి నేర్చుకున్నాను. వీటికోసం క్లాసులు మానక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు నడుస్తోంది కాబట్టి, ఒక చిన్న షెల్ రాయండి. టైపు చేసిన కమాండును కొత్త ప్రాసెస్‌లో నడిపి, అది ముగిసేదాకా ఆగి, మళ్లీ ప్రాంప్ట్ ఇస్తే చాలు. మొదటి రోజు నుంచే గిట్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో నన్ను అరగంటసేపు అడిగింది అలాంటి షెల్ గురించే, మార్కుల గురించి కాదు.

బ్రాంచి మారాలా వద్దా అన్నదానికి మార్కులు చూడకండి. ఒకేసారి రెండు పనులు (థ్రెడ్లు) నడిచే ప్రోగ్రాంలో నాకొక బగ్ వచ్చింది. కనిపెడదామని ప్రింట్ లైన్ పెడితే మాయమయ్యేది, తీస్తే మళ్లీ ప్రత్యక్షం. ఆ ప్రింట్ ఒక థ్రెడ్‌ను కాస్త ఆలస్యం చేస్తోందని తెలియడానికి మూడు రాత్రులు పట్టింది. తిట్టుకున్నాను, కానీ వదలబుద్ధి కాలేదు. మీకు అలాంటప్పుడు కోపమొచ్చినా మళ్లీ కూర్చుంటున్నారా? అయితే ఉండండి. ప్రతిసారీ పారిపోవాలనే అనిపిస్తే మారిపోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అన్నయ్య ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘చదువులో ఏం వాడావు’ అని అడగొద్దు. ‘ఈమధ్య మీ సిస్టమ్ నెమ్మదించినప్పుడు ముందు ఎక్కడ వెతికావు, అక్కడే ఎందుకు?’ అని అడగండి. ఆయన చెప్పేది రాసుకుని, మీ సిలబస్ పక్కన పెట్టి చూడండి.