విమానం ఎక్కేలోపు తేల్చుకోవాల్సిన లెక్కలు

అమ్మడూ,

మీ కంపెనీ నిన్ను అమెరికా ఆఫీసుకి మారుస్తోందనీ, అక్టోబరు 4కి టికెట్టు కూడా తీసేశావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. దాని గొంతులో సగం ఏడుపు, సగం గొప్ప. నాకూ రెండూ ఉన్నాయి. కానీ ఉద్యోగమంతా బ్యాంకులో చేసినదాన్ని కదా, నా బుర్ర ముందు తేదీ మీదికే పోయింది. అక్టోబరు 4 ఎందుకే? సెప్టెంబరులోనే ఎక్కెయ్యలేవా?

ముహూర్తం గొడవ కాదు, నవ్వకు. ఏప్రిల్ 1 నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకో. ఉద్యోగం కోసం దేశం దాటేవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే ఆదాయపు పన్ను వాళ్ల దృష్టిలో రెసిడెంటు కిందే లెక్క. సెప్టెంబరు 28న ఎక్కితే 181 రోజులు. 4న ఎక్కితే 187. ఆ కాస్త తేడాకి, మార్చి దాకా నువ్వు అక్కడ సంపాదించే డాలర్లన్నీ ఇక్కడి రిటర్నులో చూపించాలి. అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతా వివరాలూ రాయాలి. అక్కడ కట్టిన పన్నుకి రెండు దేశాల ఒప్పందం ప్రకారం తగ్గింపు ఇస్తారు, కాదనను. కానీ వాళ్ల ఏడాది జనవరితో మొదలు, మనది ఏప్రిల్‌తో. ఏ జీతానికి ఏ పన్నో జతచేసేసరికి మీ ఆడిటర్‌కి తల తిరుగుతుంది, ఫీజు నీకు పెరుగుతుంది.

ఇంకో మెలిక ఉంది. 28నే ఎక్కి, సంక్రాంతికి రెండు రోజులు చూసి వెళ్తానని వచ్చావనుకో, ఆ రోజులూ కలుస్తాయి. 181కి రెండు కలిపితే మళ్లీ మొదటికొచ్చినట్టే. అందుకే వీలైతే సెప్టెంబరు రెండో వారంలో బయల్దేరు. టికెట్టు మార్చుకోవడానికి పోయే డబ్బు చూసి వెనకాడకు. మీ మేనేజరు ఒప్పుకోకపోతే అది వేరే సంగతి. అడగకుండా మాత్రం ఉండకు.

ఇక బ్యాంకు. వెళ్తున్నానని బ్యాంకుకి చెప్పాలి. సగం మంది చెప్పరు. ఉద్యోగానికి బయటి దేశం వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే నడపకూడదు, ఎన్‌ఆర్‌వోగా మార్పించాలి. ఇక్కడ వచ్చే అద్దె, వడ్డీ, డివిడెండు అందులో పడతాయి. అక్కడి నుంచి పంపే జీతానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరే తెరువు. ఎన్‌ఆర్‌ఈలో డబ్బు ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఎన్‌ఆర్‌వో నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా, పన్ను కట్టినట్టు కాగితాలు పెట్టి. ఎన్‌ఆర్‌వో వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు టీడీఎస్ కోస్తారు. చూసి గుండె బాదుకోకు, రిటర్ను వేస్తే ఎక్కువ కోసింది వెనక్కొస్తుంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. లేదని అక్కడ చూపించడం మానకు, అమెరికా దానికి పన్ను అడుగుతుంది.

పీపీఎఫ్ ఉంటే పదిహేనేళ్లూ నిండేదాకా నడుపుకోవచ్చు. కొత్తది తెరవకూడదు, పొడిగించకూడదు. పీఎఫ్ జోలికి ఇప్పుడే పోకు, నీ సర్వీసు ఇంకా ఐదేళ్లు నిండలేదు, ముందే తీస్తే పన్ను పడుతుంది.

మ్యూచువల్ ఫండ్ల సంగతి మాత్రం ఈ నెలలోనే తేల్చు. నెలనెలా సిప్ కడుతున్నావని నాకు తెలుసు, బుద్ధిమంతురాలివే. కానీ అమెరికా పన్ను చట్టంలో మన ఫండ్లకి పీఫిక్ అని ఒక ముద్ర ఉంది. వాటి లాభాన్ని ఏళ్ల మీద పరిచి, అన్నిటికన్నా పై స్లాబు రేటు వేసి, దాని మీద వడ్డీ కూడా కడతారు. ఒక్కో ఫండుకి ఒక్కో ఫారం. కొన్ని ఫండ్ కంపెనీలు అమెరికాలో ఉండేవాళ్ల డబ్బు అసలు తీసుకోవు. నువ్వు ఇదివరకు అమెరికా గడప తొక్కలేదు కాబట్టి, ఈ ఏడాది మిగిలిన మూడు నెలలకీ, ఎవరు తమ పన్ను రెసిడెంటో తేల్చే వాళ్ల 183 రోజుల లెక్కలో పడవు. జనవరి 1 నుంచి పడతావు. అంటే డిసెంబరు 31లోపు అమ్మేస్తే ఆ లాభం సంగతి ఇక్కడితో సరి. ఇక్కడ షేర్ల ఫండ్లయితే, ఏడాది దాటినవాటి మీద లక్షా పాతిక వేల లాభం దాకా పన్నే లేదు, పైదానికి 12.5 శాతం. మార్కెట్ ఇంకా పెరుగుతుందేమో పెద్దమ్మా అనకు. నేరుగా కొన్న కంపెనీ షేర్లకి మామూలుగా ఈ బెడద ఉండదు, వాటిని ఉంచుకో.

ఇప్పుడు మీ చిన్నమామయ్య సంగతి రాస్తాను. ఇంట్లో ఎవరూ నీకు చెప్పి ఉండరు.

వాడు 2006లో అమెరికా వెళ్లాడు. తాతయ్య రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా మూడు డిపాజిట్లుగా వేశారు, మూడింట్లోనూ వాడి పేరు ముందు, ఆయన పేరు వెనక. నాకేమన్నా అయితే వాడు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదని ఆయన లెక్క. వాడికి ఆ డిపాజిట్ల మీద ధ్యాసే లేదు, అది నాన్న డబ్బు. వాడి పేరున పాత ఫండ్లు కొన్ని ఉండేవి, వాటి సంగతీ మర్చిపోయాడు. ఏటా అక్కడ రిటర్ను వేసేటప్పుడు, బయటి దేశంలో నీకు ఖాతా గానీ, ఖాతా మీద సంతకం చేసే అధికారం గానీ ఉందా అని అడుగుతారు. వాడు ఏటా లేదనే టిక్కు పెట్టాడు.

2015 జూలైలో మన ప్రభుత్వం, అమెరికా ప్రభుత్వం ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ తర్వాత బ్యాంకులన్నీ ఖాతాదారులకి ఒక ఫారం పంపాయి, మీరు వేరే దేశంలో పన్ను కడుతున్నారా అని. తాతయ్యకి ఆ ఫారం వచ్చింది. వాడికి ఫోన్ చేసి విసిగించడం ఎందుకనుకున్నారు. కళ్లజోడు తుడుచుకుని, ‘కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టి, కింద కొడుకు సంతకం తనే చేసి పోస్టులో వేశారు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం గీకినందుకు వాడి వీపు మీద చింతబరికె విరిగింది, నా కళ్లారా చూశాను. ఆ బరికె పట్టుకున్నాయనే వాడి సంతకం ఇంత చక్కగా దించారు, బ్యాంకు కూడా కిమ్మనలేదు.

2019లో వాడు ఇల్లు కొందామని ఇక్కడి ఫండ్లు అమ్మి డబ్బు తెప్పించుకోబోయాడు. అప్పుడు అక్కడి అకౌంటెంటు అన్నీ తవ్వాడు. ఎఫ్‌బార్ అని ఒకటి ఉంది, జాగ్రత్తగా విను. బయటి దేశాల్లో నీ పేరు ఉన్న ఖాతాలన్నీ కలిపి, ఏడాదిలో ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే వాళ్ల ఖజానా శాఖకి రిపోర్టు చెయ్యాలి. దీనికి పన్నేమీ లేదు, చెప్పడం ఒక్కటే. జాయింటు ఖాతా అయితే సగం కాదు, మొత్తం నిల్వ రాయాలి. ఆ డబ్బు ఎవరిదన్నది వాళ్లకి అక్కర్లేదు. తెలియక మానేసినా జరిమానా 10,000 డాలర్ల దాకా అని చట్టంలో రాశారు, ధరలతోపాటు ఆ అంకె పెరుగుతూ వచ్చింది. ఆ జరిమానా ఒక్కో ఖాతాకా, ఒక్కో ఏడాదికా అని కోర్టుల్లో నలిగి నలిగి, 2023లో గానీ అక్కడి సుప్రీంకోర్టు ఏడాదికో రిపోర్టుకే అని తేల్చలేదు. మనవాడి కేసు అంతకు ముందుది. ఖాతాలు నాలుగైదు, ఏళ్లు పదికి పైన. వాడికి నిద్ర ఎలా పడుతుంది?

తెలియక తప్పు చేసినవాళ్లు తామే ముందుకొచ్చి చెప్పుకునే దారి ఒకటి పెట్టారు. మూడేళ్ల రిటర్నులు సరిదిద్ది, ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేసి, దాచిన నిల్వ మీద 5 శాతం కట్టాలి. దాంతోపాటు, ఎందుకు చెప్పలేదో సొంత మాటల్లో, ప్రమాణం మీద రాసివ్వాలి. అక్కడ వచ్చింది చిక్కు. ఒక రాత్రి నాకు ఫోన్ చేశాడు. “అక్కా, ఆ బ్యాంకు ఫారం మీద సంతకం నాది కాదని రాయాలా?” రాయకపోతే తెలిసే అబద్ధం చెప్పినట్టు. రాస్తే కన్నతండ్రి దొంగ సంతకం చేశాడని పరాయి ప్రభుత్వానికి కాగితం మీద చెప్పినట్టు. నేను పుట్టింట్లోనే ఉన్నాను, తాతయ్య పక్క గదిలో అంతా విన్నారు. తలుపు దగ్గరికొచ్చి, “రాయమను. నేనే పెట్టానని రాయమను” అన్నారు.

వాడు రాశాడు, డబ్బు కట్టాడు, గొడవ తీరింది. తాతయ్య మాత్రం క్యాలెండరు కాగితం వెనక ఆ 5 శాతం లెక్క వేసుకుని, అంత మొత్తానికి చెక్కు రాసి నాకిచ్చి వాడికి పంపమన్నారు. వాడు తీసుకోలేదు. ఆ తర్వాత చాలాకాలం వాడు ఫోన్ చేస్తే “బాగున్నావా” అని రెండో మాట లేకుండా అమ్మమ్మ చేతికిచ్చేసేవారు. జరిమానా కట్టుకోగలం. కొడుకు గొంతు వినాలంటే బెదిరే ఆ మనిషిని చూడలేకపోయాను.

అందుకే నీకు ఎఫ్‌బార్ తేదీ చెప్తున్నా: ఏప్రిల్ 15, దాటితే అడగకుండానే అక్టోబరు 15 దాకా గడువు. రిటర్నుతో కలిపి వెళ్లదు, విడిగా ఆన్‌లైన్లో వెయ్యాలి. ఏడాది చివర నిల్వ 50,000 డాలర్లు దాటినా, మధ్యలో ఎప్పుడైనా 75,000 దాటినా రిటర్నులోనే ఇంకో ఫారం పెట్టాలి. పెళ్లయితే ఆ అంకెలు రెట్టింపు, అప్పటికి అల్లుడుగారు చూసుకుంటాడులే అనుకోకు. నీ ఖాతాల లెక్క నువ్వే చూసుకో.

మిగతావి గబగబా రాస్తా. ఇక్కడి సిమ్ము బతికించుకో, ఆధార్‌కీ పాన్‌కీ బ్యాంకుకీ పీఎఫ్ యూఏఎన్‌కీ అదే నంబరు. ఆ ఓటీపీ రాక అర్ధరాత్రి నాకు ఫోన్ చేసే పిల్లలు మన చుట్టాల్లోనే ఉన్నారు. అక్కడ జీతంలో సోషల్ సెక్యూరిటీకి, అంటే వాళ్ల పింఛను నిధికి, 6.2 శాతం కోస్తారు. ఈ కోత విషయంలో జర్మనీ, ఫ్రాన్స్‌లతో మనకి ఒప్పందం ఉంది గానీ అమెరికాతో లేదు, పదేళ్ల సర్వీసు నిండకుండా తిరిగొచ్చేస్తే ఆ డబ్బు గంగపాలే. 401కే అని అక్కడ రిటైర్మెంటు పొదుపు ఖాతా ఉంటుంది, కంపెనీ అందులో నీ వాటాకి సమంగా వేస్తానంటే మాత్రం వదులుకోకు. పొలం చవగ్గా వస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే విని ఊరుకో. మీ నాన్న ఇచ్చిన ఎకరం ఉంచుకోవచ్చు, ఎన్నారై అయ్యాక వ్యవసాయ భూమి కొత్తగా కొనకూడదు. ఫ్లాటు కొనుక్కో, నీ ఇష్టం. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఎవరికీ ఇవ్వకు, నాకు కూడా. పవరాఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే ఫలానా పనికి అని రాసివ్వు, సర్వహక్కులూ అని రాయకు. మొదటి రెండేళ్లు ఇక్కడొక సీఏ, అక్కడొక సీపీఏ, ఇద్దరికీ ఫీజిచ్చి చేయించుకో. 2026 ఏప్రిల్ నుంచి ఇక్కడ కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి, పాత వ్యాసాలు చదివి సొంత వైద్యం చేసుకోకు.

ఆఖరిది, దీని కోసమే అసలు ఉత్తరం. మీ అమ్మ పోయిన ఏడాది అమ్మమ్మ ఇంటి వాటాగా వచ్చిన డబ్బు డిపాజిట్ వేసింది. నీ పేరు ముందు పెట్టి, తన పేరు వెనక పెట్టింది. నీకు చెప్పలేదు. పెళ్లినాడు చేతిలో పెట్టాలని దాని ముచ్చట. నాతో అంది, నీతో చెప్పొద్దంది, చెప్పేస్తున్నా. దాని మీద కోప్పడకు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. ఈ వారమే దాన్ని తీసుకుని బ్యాంకుకి వెళ్లు. ముందే తీస్తే వడ్డీలో కొంచెం కోస్తారు, పోతే పోనీ. ఒక్క తన పేరునే మళ్లీ వెయ్యమను, నువ్వు నామినీగా ఉంటే చాలు. నామినీకి ఎఫ్‌బార్ లేదు. నేను అమెరికా వాళ్ల డబ్బేం తినలేదు కదా అంటుంది, అనగానే నాకు ఫోన్ కలుపు. బ్యాంకు పదింటికి తెరుస్తారు, మీ అమ్మ పూజ తొమ్మిదిన్నరకి ముగించమను.

మీ పెద్దమ్మ