చేప దవడ, ఇనుప కుంచం: పాత వస్తువులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: హైదరాబాదులో గురువారం నాడు జరిగే జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల మధ్య నాకొక వింత వస్తువు దొరికింది. అది ఏదో చేప దవడ ఎముక. దాని నిండా సన్నని పళ్ళు ఒత్తుగా ఉన్నాయి, పట్టుకోవడానికి వీలుగా ఒక కొసకు గుడ్డపేలిక చుట్టి ఉంది. దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టేదని అమ్మిన వ్యక్తి చెప్పాడు. నిజమేనా? దీన్ని కడిగి వార్నిష్ వేయించవచ్చా?
(ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: మీ వర్ణననుబట్టి అది దిష్టికి కట్టినది కాదు, పత్తి దువ్విన పనిముట్టు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు నూలు వడికే స్త్రీలు వాలుగ చేప దవడను దువ్వెనగా వాడతారు. గింజ నుంచి పత్తిని వేరుచేయడానికి ముందే, ఒక్కొక్క గింజను చేతిలోకి తీసుకొని, దానికి అంటుకొని ఉన్న దూదిని ఈ పళ్ళతో దువ్వుతారు. అలా దువ్వినప్పుడు ఆకుపొడి, నలుసులు రాలిపోవడమే కాక, చిక్కుపడిన పోగులన్నీ ఒకే దిక్కుకు సాగి వరుసగా నిలుస్తాయి. ఆ తరువాత చిన్న చెక్కమీద పత్తిని ఉంచి, సన్నని ఇనుప కడ్డీని దొర్లించి గింజలు తీస్తారు, విల్లుతో ఏకుతారు, ఏకులు చుట్టి, దుమ్ము పడకుండా ఎండిన అరటి దొప్పలో భద్రపరుస్తారు. మనం ‘ఏకు మేకైంది’ అంటామే, ఆ ఏకు ఇదే. ఊదితే ఎగిరిపోయేంత మెత్తని ఈ దూదిచుట్టను ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే ఆ సామెత ఎంత సూటిగా పుట్టిందో తెలుస్తుంది.

ఇంత శ్రమ ఎందుకని మీకు అనిపించవచ్చు. పొందూరు నేతకు పేరు తెచ్చినది నూరో నంబరు నూలు. నూరో నంబరు అంటే ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల దూది నుంచి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు రావాలి. అన్నీ కలిపితే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్ల పొడవు. పోగులు వరుసగా లేని దూదిని అంత సన్నగా లాగితే కదురు దగ్గరే తెగిపోతుంది. అందుకే వడకడం కన్నా ముందు జరిగే ఈ దువ్వుడులోనే అసలు నేర్పు ఉందని నా నమ్మకం. గాంధీజీ ఈ నూలు గురించి విని, స్వయంగా చూసి రమ్మని తన కుమారుడు దేవదాస్ గాంధీని పొందూరుకు పంపారు.

పొందూరులో ఈ పని ఇప్పటికీ బతికే ఉంది, కానీ చేసేవారిలో ఎక్కువమంది పెద్ద వయసు స్త్రీలే. రోజంతా కూర్చున్నా చేతికి వచ్చే కూలి స్వల్పం కావడంతో కూతుళ్ళు, కోడళ్ళు మరో పనికి వెళుతున్నారు. మిల్లుల యంత్రాలకు పొడుగు పింజ పత్తి అనుకూలం కావడంతో, ఈ నూలుకు ఆధారమైన కొండపత్తి సాగు కూడా తగ్గిపోయింది. దయచేసి మీ దవడను కడగకండి, వార్నిష్ అసలే వద్దు. పొడి మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే చాలు. పళ్ళ సందుల్లో దూది పోగులు ఇరుక్కొని ఉంటే వాటిని అలాగే ఉంచండి. ఆ వస్తువు ఏ పని చేసిందో చెప్పే సాక్ష్యం అవే.

ప్రశ్న: విజయవాడలో జరిగిన పాత వస్తువుల ప్రదర్శనలో ఇత్తడి అంచున్న ఇనుప కొలపాత్ర ఒకటి కొన్నాను. అది కుంచమని చెప్పారు. ఎలా నిర్ధారించుకోవాలి?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీ ఇంట్లో కానీ, పెద్దల ఇంట్లో కానీ పాత సోల ఉంటే, దానితో బియ్యం కొలిచి ఆ పాత్రలో పోయండి. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 2 మానికలు ఒక అడ్డ, 2 అడ్డలు ఒక కుంచం. కనుక 16 సోలలకు నిండితే అది కుంచమే. 4 కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. ఒక ప్రాంతపు కొలత మరొక ప్రాంతపు కొలతతో సరిపోయేది కాదు కాబట్టి కొద్దిపాటి తేడా వస్తే అనుమానించవద్దు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చాక ఇవి క్రమంగా అంగళ్ళనుంచి తప్పుకున్నాయి. వాటితోపాటే వెదురు కుంచాలు అల్లే మేదరుల పనికీ, కళ్ళంలో కుప్ప దగ్గర నిలబడి కొలిచేవారి నేర్పుకీ గిరాకీ పోయింది. ఆ కొలిచేవారు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ‘ఏడు’ అంటే ఏడుపు గుర్తుకు వస్తుందని దాన్ని ‘ఆరున్నొకటి’ అని లెక్కపెట్టేవారు. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే, ఈ కుంచంతో ఒకసారి ధాన్యం కొలిచి చూపమని అడగండి; వారి లెక్క ఎలా మొదలవుతుందో శ్రద్ధగా విని మాకు రాయండి.