ఒక కుక్క, మూడు ఆటలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడం, నా బోర్డర్ కోలీకి రెండేళ్లు. మొదట్నుంచీ ఒబీడియన్స్ (చెప్పిన మాట వినే ఆట) నేర్పుతున్నాను. ఈ మధ్య ఎజిలిటీ (అడ్డంకులు దాటుతూ పరిగెత్తే ఆట), నోస్ వర్క్ (దాచిన వాసనను వెతికే ఆట) కూడా మొదలుపెట్టాను. క్లబ్బులో సీనియర్లు ‘ఒకటి పూర్తయ్యాకే రెండోది పట్టుకో, లేకపోతే ఏదీ రాదు’ అంటున్నారు. వాళ్లన్నట్టే ఇప్పుడు హీల్‌లో, అంటే నా ఎడమ పక్కనే నడుస్తూ నా మొహం చూడటం మానేసి ముందుకు చూస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. మిగతా రెండూ ఆపేయమంటారా?

జవాబు: ఆపొద్దు. కానీ మూడింటినీ ఒకే జోరున లాగొద్దు.

మీ సీనియర్ల భయం కుక్క బుర్రకు అన్నీ పట్టవని. ఆ భయం అక్కర్లేదు. చేసర్ అనే బోర్డర్ కోలీకి జాన్ పిల్లీ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. ఆ పరిశోధన 2011లో అచ్చయింది. మీ మూడు ఆటల్లో వాడే కమాండ్లన్నీ కలిపి రాసినా ఒక కాగితం నిండదు.

అసలు చిక్కు చూపు దగ్గర ఉంది. హీల్‌లో కుక్క చూపు మీ మొహం మీద ఉండాలి. ఎజిలిటీలో మీ మొహం చూస్తూ కూర్చుంటే ఎదురుగా ఉన్న హర్డిల్‌ను గుద్దుకుంటుంది. అక్కడ చూపు ముందున్న అడ్డంకి మీద ఉండాలి, మీ భుజం, పాదం ఎటు తిరిగాయో ఓరకంట కనిపెట్టాలి. నోస్ వర్క్‌లో అయితే మిమ్మల్ని మర్చిపోవాలి. అక్కడ నిర్ణయం కుక్కది, వెనకాల నడవడం మీ పని. ఇప్పుడు ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నకు మూడు ఆటల్లో మూడు జవాబులున్నాయి. మీ కుక్క హీల్ మర్చిపోలేదు. ముందుకు చూడు అని ఎజిలిటీలో మీరు నేర్పింది చక్కగా నేర్చుకుంది. ఈ పూట ఏ ఆటో దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పడం ఎలా? మనకు మైదానం, బోర్డు, రింగ్ చుట్టూ తాడు చూస్తే తెలిసిపోతుంది. కుక్కకు గడ్డి ఉన్న ప్రతి చోటూ ఒకటే. అందుకని గుర్తు మన దగ్గర ఉండాలి. నేనైతే మొదట ఒంటి మీద సామాను వేరు చేస్తాను. ఒబీడియన్స్‌కు మామూలు కాలర్. నోస్ వర్క్‌కు హార్నెస్, పొడుగు తాడు. ఆ హార్నెస్ కూడా కారు దగ్గరే వేసేయను, స్టార్ట్ లైన్ దగ్గర వేసి, బకిల్ పడ్డాక ‘వెతుకు’ అంటాను. ఎజిలిటీకి ముందు కాసేపు తాడుబొమ్మతో గుంజులాట. కొన్ని వారాలు ఇలా చేస్తే బకిల్ చప్పుడు వినగానే ముక్కు కిందికి దిగడం మీరే చూస్తారు. ఒబీడియన్స్, ఎజిలిటీ పోటీల్లో మామూలుగా బొమ్మ, ట్రీట్ రింగ్‌లోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి, బొమ్మ లేకుండా కూడా చేయగలిగే చిన్న అలవాటు ఒకటి ప్రతి ఆటకూ జత చేయండి. ఎడమ తొడ మీద చెయ్యి తట్టడం అలాంటిదే.

బహుమతి ఎక్కడ అందుతుందన్నది ఇంకా ముఖ్యం. కుక్క చూపు జీతం వచ్చే చోటికే వెళ్తుంది. హీల్‌లో ట్రీట్ మీ ఎడమ పక్కన, దాని నోటికి పైన అందాలి. ఎజిలిటీలో బొమ్మ మీ చేతిలో కాదు, హర్డిల్ అవతల పడాలి. నోస్ వర్క్‌లో వాసన ఉన్న పెట్టె దగ్గరే ఇవ్వాలి. మీరు మూడింటికీ జేబులోంచి తీసి చేత్తో ఇస్తున్నారేమో ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. చాలామంది అలాగే ఇస్తారు.

నోస్ వర్క్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఒబీడియన్స్‌లో పెరిగిన కుక్కలకు ఇది వింత ఆట. బర్చ్, సోంపు, లవంగం లాంటి నూనెల వాసన దూది ముక్కకు పట్టించి దాచిపెడతారు. కుక్క పట్టుకోవాలి, హ్యాండ్లర్ ‘అలర్ట్’ అని చెప్పాలి. నా జూలీ ఒబీడియన్స్ కుక్క. పెట్టెల వరసలో రెండు చూసి, వెనక్కి తిరిగి నా మొహం చూసి, ‘ఇదేనా?’ అన్నట్టు తోక ఊపేది. ఇన్నాళ్లూ మొహం చూసినందుకే జీతం తీసుకున్న కుక్క కదా, దాని తప్పేం లేదు. అలా అడిగినప్పుడల్లా నేను గోడ చూస్తూ రాయిలా నిలబడేదాన్ని. విసుగొచ్చి మళ్లీ పెట్టెల వైపు వెళ్లేది. మీరూ అంతే చేయండి. ఇంకోటి, వాసన ఏ పెట్టెలో ఉందో మీకే తెలియకుండా వేరేవాళ్లతో పెట్టించండి. తెలిస్తే ఆ పెట్టె దగ్గర మీ అడుగు నెమ్మదిస్తుంది. మీ కోలీ వాసన చూడటం మానేసి మీ కాళ్లు చదువుతుంది.

ఇక మాటలు. మాట ఎంత చిన్నదైనా అర్థం ఒక్కటే ఉండాలి. ‘టచ్’ సంగతి చూడండి. ఎజిలిటీలో డాగ్ వాక్ (ఎత్తులో ఉండే ఇరుకు పలక వంతెన) చివర పసుపు రంగు భాగం తొక్కి ఆగడానికి టచ్ అంటారు. ఇంట్లో అరచేతికి ముక్కు తాకించడానికీ టచ్. ఇలాంటివి ఏరి ఒకదాని మాట మార్చేయండి. స్టార్ట్ లైన్‌లో వదలడానికి ‘ఓకే’ వాడేవాళ్లకు ఒక దండం. జడ్జి మిమ్మల్ని రెడీనా అని అడుగుతారు, మీరు ఆయనకు ఓకే అంటారు, కుక్క అప్పటికే రెండో హర్డిల్ దాటి ఉంటుంది.

చివరిగా టైమ్ టేబుల్. అన్నీ రోజూ చేయాలనుకోకండి. 2008లో అచ్చయిన ఒక డెన్మార్క్ ప్రయోగంలో బీగిల్ కుక్కల్లో కొన్నింటికి వారానికి ఐదుసార్లు, కొన్నింటికి ఒక్కసారే ఒకే పని నేర్పారు. ఒక్కసారి బ్యాచ్‌కు క్యాలెండర్‌లో రోజులు ఎక్కువ పట్టాయి గానీ, పాఠాలు తక్కువే సరిపోయాయి. మధ్యలో ఖాళీ వస్తే నేర్చుకున్నది పోతుందన్న కంగారు వద్దని నాకు అర్థమైంది. కొత్తగా నేర్చుకునే దశలో మాత్రం ఒక్క ఆటే ఉండనివ్వండి. ఇప్పుడు వీవ్ పోల్స్ నేర్పుతున్నారనుకోండి. అవి వరసగా నిలబెట్టిన పన్నెండు కర్రలు, కుక్క వాటి మధ్యలోంచి అటూ ఇటూ దూరుతూ పోవాలి. ఒక్కోదాని మధ్య 60 సెంటీమీటర్లు, మొదటి పోల్ కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా దూరాలి. చిన్న పని కాదు. ఆ నెలల్లో హీల్ రెండు నిమిషాలు చాలు, పదును పోకుండా. నోస్ వర్క్ ఒంటికి తేలిక, పక్కన నడవనివ్వొచ్చు. ఒకే రోజు రెండూ చేస్తే వెతుకులాట ముందు, పరుగు తర్వాత. రొప్పుతున్న కుక్క వాసన సరిగ్గా పీల్చలేదు.

ప్రశ్న: మా కుక్క ఫ్లైబాల్ జట్టులో బాగా ఆడుతుంది. ఎజిలిటీలో పెడితే ఒకటే మొరుగుడు, మలుపుల దగ్గర హర్డిల్ కర్రలు పడగొడుతోంది. రెండు ఆటల్లోనూ హర్డిల్సే కదా, ఎందుకిలా?

జవాబు: పేరు ఒకటే, దూకడం వేరు. ఫ్లైబాల్ అంటే కుక్కలు ఒకదాని తర్వాత ఒకటి హర్డిల్స్ దాటి, బాక్స్ నుంచి బంతి తెచ్చే జట్టు పందెం. అందులో స్టార్ట్ లైన్ నుంచి ఆరు అడుగుల్లో మొదటి హర్డిల్, తర్వాతి మూడూ పదేసి అడుగులకొకటి, అక్కణ్ణుంచి పదిహేను అడుగుల్లో బాక్స్. మొత్తం 51 అడుగులు, అంతా తిన్నగా. పైగా ఎత్తు జట్టులో పొట్టి కుక్కను బట్టి పెడతారు. అందుకని మీది దూకట్లేదు, దాదాపు నేల మీద పరుగే తీస్తోంది. ఎజిలిటీలో ఎత్తు దాని కొలతకు తగ్గట్టు ఉంటుంది, దూకగానే తిరగాలి. దానికి ముందే అడుగు కుదించుకుని, వెనక కాళ్ల మీద బరువు వేసి, గుండ్రంగా లేవాలి. ఇది విడిగా నేర్పాల్సిన విద్య. రెండు హర్డిల్స్ పెట్టి, మధ్య దూరం మారుస్తూ, పరుగు తగ్గించి చేయించండి.

ఇంకో సంగతి గమనించండి. బాక్స్ మీద ప్రతి కుక్కా తనకు అలవాటైన ఒక్క పక్కకే తిరుగుతుంది. అన్నాళ్లూ ఎడమకు తిరిగిన ఒళ్లు ఎజిలిటీలో కుడి మలుపు దగ్గర మొరాయిస్తుంది. ఆ రెండో పక్కకు మెల్లగా తిప్పే ఎక్సర్‌సైజులు వేడెక్కించేటప్పుడు చేర్చండి. మొరుగుడు ఫ్లైబాల్ సంబరం. నాకు ఆ ఆట హోరు అస్సలు పడదు, అది నా చాదస్తం అనుకోండి. ఎజిలిటీ రింగ్ దగ్గర మాత్రం అరుస్తున్నంతసేపూ లైన్ దగ్గరికి తీసుకెళ్లకండి. నోరు మూస్తే ఆట మొదలవుతుందని దానికి తొందరగానే తెలుస్తుంది.

ప్రశ్న: మేడం, నా జర్మన్ షెపర్డ్‌కు ఎనిమిది నెలలు. ఐజీపీ, ఎజిలిటీ, నాతోపాటు పరిగెత్తే కానిక్రాస్, మూడూ ఆడించాలని ఆశ. ఎప్పుడు, దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఐజీపీ అన్నావంటేనే మూడు ఆటలు. ట్రాకింగ్, ఒబీడియన్స్, ప్రొటెక్షన్, ఒక్కోదానికి 100 మార్కులు, మొత్తం 300. పొద్దున ముక్కు నేలకు ఆనించి నడిచిన కుక్కే తర్వాత నీ మోకాలి పక్కన తలెత్తి నడవాలి. ఒక్క కుక్కకు ఒక్క ఆటే అనేవాళ్లకు ఇదే చూపించు.

కానీ నీ పిల్ల ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. పెద్ద జాతుల్లో ఎముకల చివర్లలో ఎదిగే భాగం గట్టిపడటానికి ఏడాది దాటుతుంది, కొన్ని చోట్ల ఏడాదిన్నర దాకా పడుతుంది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ నిబంధనల్లో ఎజిలిటీ పోటీకి కనీస వయసు 18 నెలలు పెట్టారు. కాబట్టి దూకుళ్లు, వీవ్ పోల్స్, ఎ-ఫ్రేమ్ (రెండు వాలు పలకలు ఎక్కి దిగడం), బరువు లాగడం ఇప్పుడు వద్దు. ట్రాకింగ్ మొదలుపెట్టు, హీల్‌లో నిలబడే చోటు నేర్పు. నేల మీద పరిచిన కర్రల మీదుగా నడిపించు, వెనక కాళ్లు ఎక్కడ పడుతున్నాయో దానికే తెలియాలి. టనెల్ తిన్నగా పెట్టి ఆడుకోనివ్వు.

కానిక్రాస్‌లో నీ నడుముకు బెల్టు, కుక్కకు హార్నెస్, మధ్య సాగే తాడు. లాగడమే అక్కడ ఆట. హీల్ పాడవుతుందని భయపడకు. హార్నెస్ ఉంటే లాగొచ్చు, కాలర్ ఉంటే లాగకూడదు అన్నది కుక్కకు సులువుగా ఎక్కుతుంది. షరతు ఒకటే. ఆలస్యమైందనో, చేతిలో సంచులున్నాయనో ఒక్క రోజు కూడా కాలర్ మీద లాగనివ్వకూడదు. ఆ నియమం మాత్రం ఈరోజు నుంచే పెట్టుకో.

ప్రశ్న: ఒకే రోజు పొద్దున ఒబీడియన్స్, సాయంత్రం ఎజిలిటీ పోటీకి పేరు ఇచ్చాం. పోయినసారి ఇలాగే ఆడించాం. రెండోదాంట్లో మా ఐదేళ్ల కుక్క వీవ్ పోల్స్ మధ్యలోంచి బయటికొచ్చేసి నేల వాసన చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చాక సోఫా కూడా ఎక్కలేదు. మొండితనమా?

జవాబు: కాదు, నొప్పేమో చూడాలి. పోల్స్ మధ్యలో వదిలేయడం, ఎప్పుడూ పడని కర్రలు పడటం, ఎక్కే చోట ఎక్కకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే నేను శిక్షణ మాటే ఎత్తను. ఎజిలిటీ కుక్కల యజమానులను అడిగి చేసిన సర్వేల్లో దాదాపు మూడో వంతు కుక్కలకు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగిలినట్టు తేలింది. ఎక్కువగా భుజాలకు. తొడ లోపలి కండరం లాగేయడం కూడా మామూలే, అది బయటికి కుంటులా కనిపించకపోవచ్చు.

ఈసారి సాయంత్రం పోటీ నుంచి పేరు వెనక్కి తీసుకోండి. పశువైద్యుల్లో ఎముకలు, కండరాలు చూసేవారికి చూపించండి. మెట్లెక్కేటప్పుడు, కూర్చుని లేచేటప్పుడు పక్క నుంచి తీసిన వీడియోలు తీసుకెళ్లండి. డాక్టర్ ముందు కుక్క ఉత్సాహంలో నొప్పి దాచేస్తుంది. ఒబీడియన్స్ పోటీకి కూడా వాళ్లు సరేనంటేనే వెళ్లండి, అందులో డంబెల్ పట్టుకుని హర్డిల్ దూకేది ఉంటుంది. నయమయ్యాక వీవ్ పోల్స్ ఆరింటితో, నడక వేగంలో మొదలుపెట్టి, ఆ తర్వాతే పన్నెండుకు వెళ్లండి.