సాల్వాడో కథని బూట్ల దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నువ్వు రాసి పంపిన బిషప్ రొసెండో సాల్వాడో జీవితకథ నిన్న రాత్రి ఏకబిగిన చదివాను. మొదటి మూడు పేజీల్లోనే ఆయనకి పటం కట్టి గోడకి తగిలించేశావు, ఇక ఆఖరిదాకా కిందకి దింపలేకపోయావు. 1814లో స్పెయిన్‌లోని తుయ్‌లో పుట్టడం, బెనెడిక్టైన్ అనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో చేరడం, ఇవన్నీ ఒక్క పేరాలో తేల్చెయ్.

నేనైతే బూట్ల దగ్గర మొదలుపెడతాను. 1846 మే, పశ్చిమ ఆస్ట్రేలియా. అడవిలో మిషన్ పెట్టి కొన్ని నెలలే అయింది, తినడానికే కష్టంగా ఉంది. ఆయన కాలినడకన పెర్త్ వెళ్ళి, డబ్బు కోసం పియానో కచేరీ చేశాడు. చిరిగిపోయిన అంగీ మోకాళ్ళ దాకే ఉంది, ప్యాంటు నిండా అతుకులు, బూటులోంచి కాలివేళ్ళు కనిపిస్తున్నాయి. పియానో నన్స్ ఇచ్చారు, కొవ్వొత్తుల స్టాండ్లు ఆంగ్లికన్ చర్చి నుంచి వచ్చాయి. నువ్వు పదిసార్లు రాసిన 'త్యాగమూర్తి' అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా ఇది రాసి చూడు.

బిషప్ అవడం గురించి రెండు పేజీల పొగడ్త రాశావు గానీ అసలు విషయం వదిలేశావు. 1849 ఆగస్టులో ఆయన్ని ఉత్తర ఆస్ట్రేలియాలోని పోర్ట్ విక్టోరియాకి బిషప్‌గా అభిషేకించారు, అదే ఏడాది బ్రిటిష్ వాళ్ళు ఆ స్థావరాన్నే ఎత్తేశారు. బిషప్ ఉన్నాడు, ఊరు లేదు! చివరికి ఆయన తిరిగి వెళ్ళింది 1847లో తాము కట్టుకున్న న్యూ నోర్సియా మిషన్‌కే. ఆ పేరు బెనెడిక్టైన్లకి మూలపురుషుడైన సెయింట్ బెనెడిక్ట్ పుట్టిన ఊరిది, అదైనా చెప్పాల్సింది.

ఇంకొకటి, ఇది నాకు బాధ కలిగించింది. 1849లో ఆయన తనతో యూరప్‌కి తీసుకెళ్ళిన కొనాచి, దిరిమెర అనే ఇద్దరు ఆదివాసీ పిల్లల్ని "శిష్యులు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నేపుల్స్ దగ్గర కావా మఠంలో వాళ్ళని చేర్పించారు. కొనాచి 1853లో రోమ్‌లోనే చనిపోయాడు. దిరిమెర తిరిగొచ్చాడు గానీ 1855లో అతనూ పోయాడు. సాల్వాడో వాళ్ళని ప్రేమించాడనే నేను నమ్ముతాను, ఆ జనం మాటలు ఏరి 1851లో వేసిన తన పుస్తకంలో పట్టికగా చేర్చినవాడు మరి. అయినా ఆ పిల్లలు పుట్టిన నేలకి ఎంత దూరంలో పెరిగారో, ఆ చలి, ఆ భాష, అదంతా మనకి దొరికేది ఎక్కువగా ఆయన చేతిరాత నుంచే, వాళ్ళ నోటి నుంచి కాదు. ఆ సంగతి దాచకుండా రాయి. ఆ అధ్యాయంలో బిషప్ కాస్త పక్కకి జరిగి నిలబడాలి.

అది మళ్ళీ రాశాక ముందు నాకు అదే పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య