సెంట్రల్ నుంచి క్రోంపేటకు ఎక్కడ మారాలి: పార్కా, గిండీనా, ఆలందూరా?

మీరు అడిగింది ఇది: అమ్మగారితో నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగుతారు, నగరం దక్షిణ కొసన తాంబరం దగ్గరున్న క్రోంపేట చేరాలి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, పైగా సామాను ఉంటుంది. ఫోనులో మ్యాపు ఒకసారి పార్క్‌లో మారమంటోంది, ఒకసారి గిండీలో, మరోసారి ఆలందూరులో. మూడింటికీ తేడా కొద్ది నిమిషాలే. దేన్ని నమ్మాలి?

మాది సూళ్ళూరుపేట. చాలా ఏళ్ళుగా పల్లవరంలో ఉంటున్నాను, ఉద్యోగం తేనాంపేటలో. మా అమ్మ వైద్యం కోసం ఇక్కడికి వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. ముందు జవాబు చెప్పేస్తాను. అమ్మగారితో వస్తే సెంట్రల్‌లో మెట్రో నీలం లైను ఎక్కి నేరుగా ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళండి, అక్కడి నుంచి ఆటో. మీరు ఒక్కరే వస్తే పార్క్. గిండీ ఆ తరువాతి మాట. ఆలందూరు ఈ ప్రయాణానికి అక్కరలేదు.

మ్యాపు ప్రయాణ సమయాన్ని కూడి చూపిస్తుంది. మారే చోట ఎన్ని మెట్లు ఎక్కాలో, రెండో బండి ఖాళీగా వస్తుందో కిక్కిరిసి వస్తుందో, అది తప్పిపోతే అక్కడ ఇంకేం దొరుకుతుందో అది లెక్కలోకి తీసుకోదు. నేను ఆ మూడే చూస్తాను, నిమిషాలు తరువాత.

పార్క్ సంగతి తీసుకోండి. సెంట్రల్ బయటికి వచ్చి, పూనమల్లి హైరోడ్డు కింది సబ్‌వేలో అటు వైపుకు దాటితే పార్క్ లోకల్ స్టేషన్. తాంబరం వైపు వెళ్ళే లోకల్ రైళ్ళు బీచ్ స్టేషన్‌లో బయలుదేరుతాయి. బీచ్, ఫోర్ట్, ఆ తరువాత పార్క్. అంటే మూడో స్టేషన్‌లోనే మీరు ఎక్కుతున్నారు. పినాకిని సెంట్రల్ చేరేది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. ఆ వేళ పార్క్‌లో కూర్చోవడానికి చోటు దొరకకపోవడం అరుదు. ఎక్కి కూర్చుంటే ఎగ్మూరు, మాంబళం, గిండీ, పల్లవరం దాటి క్రోంపేటలోనే లేవడం. టికెట్టు పది రూపాయలు మించదు. 1931లోనే విద్యుత్ రైళ్ళు నడిచిన మార్గం ఇది. ఈ నగరంలో దీనికంటే నమ్మకమైన దారి లేదని ఇప్పటికీ అంటాను.

కానీ అమ్మగారి మోకాళ్ళు ఉన్నాయి. సబ్‌వేలోకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. క్రోంపేటలో దిగాక మళ్ళీ మెట్లు. మా అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, కమ్మీ పట్టుకొని దిగుతుంది. వెనకనుంచి వచ్చేవాళ్ళు తప్పుకొని పోతూ ఉంటారు, ఆవిడ కంగారుపడుతుంది, ఆ కంగారులో నొప్పి ఇంకా పెరుగుతుంది. సంచులు మన చేతిలో ఉంటే ఆవిడ చెయ్యి పట్టుకునే వీలుండదు. అందుకే పెద్దవాళ్ళు వెంట ఉన్నప్పుడు పార్క్‌ను నేను ఎంచుకోను, ఎంత చవకైనా సరే.

మెట్రోలో లిఫ్టు ఉంటుంది. సెంట్రల్‌లో కిందికి లిఫ్టు, ఎయిర్‌పోర్టులో మళ్ళీ కిందికి లిఫ్టు. మధ్యలో మారే పని లేదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి: రద్దీ వేళల్లో నీలం లైనులో కొన్ని రైళ్ళు ఆలందూరుతో ఆగిపోతాయి. ప్లాట్‌ఫారం మీద బోర్డులో ఎయిర్‌పోర్టు అని ఉన్నదే ఎక్కండి. మెట్రోలో అత్యధిక ఛార్జీ 50 రూపాయలు కాబట్టి ఇద్దరికీ కలిపి వంద దాటదు. ఎయిర్‌పోర్టు స్టేషన్ నుంచి క్రోంపేట నాలుగైదు కిలోమీటర్లు, ఆటోకు పెట్టే డబ్బు ఆ దూరానికే. సెంట్రల్ ముందే ఆటో ఎక్కితే నగరం మొత్తానికీ పెట్టాలి. ఆటో వద్దనుకుంటే ఎయిర్‌పోర్టు ముందున్న జి.ఎస్.టి. (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద తాంబరం వైపు సిటీ బస్సులు వస్తూనే ఉంటాయి. అయితే వాటి కోసం రోడ్డు దాటి తిరుసూలం స్టేషన్ వైపు రావాలి. అమ్మగారితో ఆ దాటడం పెట్టుకోవద్దు. మహిళలకు సిటీ సాధారణ బస్సుల్లో 2021 నుంచి ఛార్జీ లేదు, కాబట్టి మీ అక్కచెల్లెళ్ళు ఎవరైనా విడిగా వస్తే వాళ్ళకు ఈ బస్సు బాగా పనికివస్తుంది.

గిండీని మూడో స్థానంలో ఎందుకు పెట్టానో కాస్త వివరంగా చెప్పాలి. కాగితం మీద చూస్తే మారడానికి అంతకంటే మంచి చోటు లేదు. మెట్రో స్టేషన్, లోకల్ స్టేషన్ పక్కపక్కనే ఉన్నాయి, వంతెన కలిపి ఉంది, కింద బస్సులూ ఆటోలూ ఉన్నాయి. చిక్కంతా రెండో బండితోనే. బీచ్‌లో బయలుదేరిన లోకల్ గిండీకి వచ్చేలోపు ఎగ్మూరు, నుంగంబాక్కం, కోడంబాక్కం, మాంబళం, సైదాపేట జనాన్ని ఎక్కించుకొని ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు గిండీ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. బండి ఆగకముందే గుమ్మాల్లో వేలాడేవాళ్ళు కనిపిస్తారు. దిగేవాళ్ళు పూర్తిగా దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొస్తారు, అర నిమిషంలో బండి కదులుతుంది. ఆఫీసు నుంచి ఒంటరిగా వచ్చే నాకు అది రోజువారీ వ్యవహారం. సామానుతో, పెద్దావిడతో అది ప్రమాదం. పార్క్‌లో ఖాళీగా దొరికే అదే రైలును గిండీలో నిండాక ఎక్కడం దేనికి?

గిండీ గెలిచే సందర్భాలూ ఉన్నాయి. ఆదివారాల్లో లోకల్ రైళ్ళు తక్కువ నడుస్తాయి, పట్టాల పనుల కోసం కొన్ని గంటలు ఆపేస్తామని ముందే ప్రకటిస్తారు కూడా. అలాంటి రోజున పార్క్‌లో ఇరుక్కుంటే మళ్ళీ సెంట్రల్‌కు తిరిగి నడవాలి. అదే గిండీలో అయితే లోకల్ లేదని తెలిసిన మరుక్షణం మెట్రోలో ముందుకు పోవచ్చు, లేదా కిందికి దిగి తాంబరం బస్సు ఎక్కవచ్చు. ఆదివారం ఒంటరిగా వస్తే నేను గిండీకే ఓటు వేస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లోనూ అంతే. గట్టి వాన పడితే సబ్‌వేల్లో నీళ్ళు నిలుస్తాయి, కప్పు కింద మారగలిగిన చోటే మేలు.

ఇక ఆలందూరు. మ్యాపు అది ఎందుకు చూపిస్తోందంటే, అక్కడ ఆకుపచ్చ లైనుకు మారి ఒక్క స్టేషన్ వెళితే సెయింట్ థామస్ మౌంట్, అక్కడ మళ్ళీ లోకల్ రైలు. ఒక్క స్టేషన్ కోసం ఒక మార్పు, ఆ వెంటనే ఇంకొకటి. లెక్కకు సరిపోతుంది, మనిషికి సరిపోదు. అయితే ఆలందూరును చిన్నచూపు చూడకండి. నీలం, ఆకుపచ్చ లైన్లు సెంట్రల్‌లోనూ ఆలందూరులోనూ రెండు చోట్ల కలుస్తాయి, అందుకే కొత్తవాళ్ళు తికమకపడతారు. రెండు చోట్లా బయటికి రాకుండా, ఇంకో టికెట్టు కొనకుండా మారవచ్చు. వడపళని నుంచి గిండీకి వెళ్ళాలంటే ఆలందూరులో మారాలి. ఎగ్మూరు నుంచి తేనాంపేటకైతే ఒక్క స్టేషన్ వెనక్కి సెంట్రల్‌కు వచ్చి మారాలి. వెనక్కి వెళ్ళడమా అని చాలామంది సందేహిస్తారు, కానీ కోయంబేడు చుట్టి ఆలందూరు మీదుగా రావడం కంటే అది ఎంతో దగ్గర.

ఇలా కాస్త ముందుకు పోయి వెనక్కి రావడం గురించి మరో మాట. మీ తేదీలు సర్దుకోగలిగితే చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌ను చూడండి. అది సెంట్రల్‌కు రాదు, ఎగ్మూరు మీదుగా తాంబరం దాకా వెళ్తుంది. నెల్లూరులో తెల్లవారకముందే ఎక్కాలి, అదొక్కటే ఇబ్బంది. తాంబరంలో దిగితే క్రోంపేట వెనక్కి రెండో స్టేషన్, ఆటోకూ దగ్గరే. నగరం మధ్యలో ఎక్కడా మారే పనే ఉండదు. అమ్మగారు వేకువన లేవగలిగితే అన్నిటికంటే ఇదే సుఖం.

మన వైపు నుంచి వచ్చే మిగతావాళ్ళు కూడా ఇది చదువుతారేమో కాబట్టి రెండు మాటలు. గ్రీమ్స్ రోడ్డు ఆసుపత్రులకు వచ్చేవాళ్ళు సెంట్రల్‌లో నీలం లైను ఎక్కి థౌజండ్ లైట్స్‌లో దిగండి. నెల్లూరు నుంచి బస్సులో మాధవరం బస్టాండులో దిగేవాళ్ళు గిండీ, ఎయిర్‌పోర్టు వైపు పోవాలంటే సిటీ బస్సులో చివరిదాకా కూర్చోకండి. ఇన్నర్ రింగ్ రోడ్డు మీద రెట్టేరి, పాడి దాటాక తిరుమంగళం వస్తుంది, అక్కడే ఆకుపచ్చ లైను మెట్రో ఎక్కేయండి. ఆ తరువాత కోయంబేడు, వడపళని రద్దీ తప్పుతుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన చెన్నై వన్ యాప్‌లో సిటీ బస్సు, మెట్రో, లోకల్ రైలు మూడింటికీ కలిపి టికెట్టు తీసుకోవచ్చు, మారే చోట వరుసలో నిలబడక్కరలేదు.

తిరుగు ప్రయాణానికి మాత్రం వేరే లెక్క వేసుకోండి. వచ్చేటప్పుడు ఒక బండి తప్పితే ఇంకొకటి ఉంటుంది. వెళ్ళేటప్పుడు పినాకిని తప్పితే అంతే సంగతులు. అది సెంట్రల్‌లో మధ్యాహ్నం రెండు దాటగానే బయలుదేరుతుంది. కాబట్టి క్రోంపేట నుంచి ముందు ఆటోలో ఎయిర్‌పోర్టుకు చేరుకోండి. నీలం లైను అక్కడే మొదలవుతుంది, అమ్మగారికి కచ్చితంగా సీటు దొరుకుతుంది. పన్నెండున్నరకల్లా మెట్రోలో కూర్చున్నారంటే సెంట్రల్‌లో భోజనం కొనుక్కొని, నింపాదిగా పెట్టె వెతుక్కునే వ్యవధి ఉంటుంది.