అమ్మకు మోకాళ్ల నొప్పి, అమ్మాయికి బీపీటీ మీద మనసు

ప్రశ్న: మాది పలమనేరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మోకాళ్లలో గుజ్జు అరిగిందని వాళ్లమ్మను తిరుపతిలో ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాం. అక్కడ కరెంటు పెట్టడం తక్కువ, బరువు గురించి మాట్లాడటం ఎక్కువ. అది వాళ్ల పనేనా? అది చూసే మా అమ్మాయి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేస్తానంటోంది. చేర్పించమంటారా?

జవాబు: ముమ్మాటికీ వాళ్ల పనేనండీ. కరెంటు పెడితే నొప్పి ఆ పూటకు తగ్గుతుందేమో గానీ మోకాలి మీద భారం తగ్గదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో లెక్క తేల్చారు. మీ ఇంటావిడ 5 కిలోలు తగ్గితే అడుగుకు 20 కిలోలు! అలాగని కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మోకాలిని కాపాడేదే తొడ కండ. 2013లో వెలువడిన పరిశోధనలో 454 మందిని ఏడాదిన్నర పాటు గమనించారు. తిండి, వ్యాయామం రెండూ సరిచేసుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది.

డాక్టరు గారి దగ్గర మనకు దొరికేది కొద్ది నిమిషాలే. ఫిజియోథెరపిస్టు వారాల తరబడి మనిషిని చూస్తారు. ఒకసారి నా కళ్లారా చూశాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూసే పరీక్ష పెట్టారు. ఒక పెద్దావిడ నాలుగోసారికే ఆగిపోయింది. ఆ ఫిజియో అమ్మాయి లావు మాటే ఎత్తలేదు. పక్కన కూర్చుని, ‘రాత్రి సంగటి ఎన్ని ముద్దలు తింటారు పెద్దమ్మా? ఊరిబిండి ఎంత వేసుకుంటారు? టీలో చక్కెర ఎంత?’ అని మెల్లగా అడిగింది. చివరికి పెద్దావిడ అసలు కోరిక బయటపెట్టింది: నడిచి కొండెక్కాలట. అలిపిరి దారిలో 3,550 మెట్లు! ఆ అమ్మాయి కాదనలేదు. ‘ముందు చదును దారిలో రోజూ పది నిమిషాలు నడుద్దాం’ అని కాగితం మీద రాసిచ్చింది. షుగర్ ఉందని తెలిసి డైటీషియన్ దగ్గరకు పంపింది, మాత్రల సంగతి డాక్టరుకే వదిలేసింది. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ వృత్తిలో భాగమే.

ఇక చదువు సంగతి. తిరుపతి స్విమ్స్‌లోనే ఫిజియోథెరపీ కళాశాల ఉంది. కోర్సు కాలం, ప్రవేశాల నిబంధనలు మారుతున్నాయి కాబట్టి పాత సీనియర్ల మాట కాకుండా ఈ ఏటి నోటిఫికేషన్ చూసుకోండి. మొదట్లో జీతాలు తక్కువే, దాచడం దేనికి? ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేసి, నాలుగేళ్లు చేయి తిరిగాక పరిస్థితి మెరుగుపడుతుంది. డబ్బు వెంటనే చేతికి రావాలన్న టెన్షన్ ఇంట్లో ఉంటే మాత్రం ముందే కూర్చుని మాట్లాడుకోండి.

వచ్చే రెండు వారాలు వాళ్లమ్మ వెంట మీరు కాకుండా అమ్మాయినే పంపండి. ఇంటికొచ్చాక కూడా అమ్మ పక్కన కూర్చుని, విసుక్కోకుండా వ్యాయామాలు లెక్కపెట్టి చేయిస్తోందేమో చూడండి. చేయిస్తుంటే అప్లికేషన్ పెట్టించండి.